ఫ్లాపీ అరలో కార్డ్ రీడరు: పాత కంప్యూటర్ల గురించి ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

నేను నల్లగొండ పట్టణంలో ఇరవై ఏళ్లకు పైబడి ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పుట్టువెంట్రుకలు, చెర్వుగట్టు జాతరలో మొక్కులు తీర్చుకునే కుటుంబాల ఫొటోలు, ఇవే మా ఇంటిల్లిపాదికీ బతుకుదెరువు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా అందించే సహకారం ముగిసిన నాటి నుంచి మా ఊళ్లో పాత డెస్క్‌టాప్‌లను తూకానికి అమ్మేయడం బాగా ఎక్కువైంది. మొన్న ఒక పాత ఇనుప సామాను దుకాణం ముందు నిలబడితే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆరు క్యాబినెట్లు కనిపించాయి. ఆరింటికీ ముందు భాగాన, సీడీ డ్రైవు కింద, ఒకప్పుడు ఫ్లాపీ పెట్టుకునే చిన్న అర ఉంది. దాని ప్లాస్టిక్ మూత కూడా ఊడలేదు. ఆ మూత ఊడదీసి అక్కడొక మెమరీ కార్డ్ రీడరు (కెమెరా, ఫోను కార్డుల్లోని ఫొటోలను కంప్యూటరులోకి దించే పరికరం) బిగించి ఉంటే, వాటిలో కొన్నయినా ఇంకా ఏదో ఒక స్టూడియోలోనో, బడిలోనో, ఇంటిలోనో పనిచేస్తూ ఉండేవని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఎలా కలిగిందో మీ పత్రిక ద్వారా జిల్లా పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా స్టూడియోలోని డెస్క్‌టాప్ 2009లో కొన్నది. కోర్ 2 డుయో ప్రాసెసరు, మధ్యలో పెంచుకున్న నాలుగు జీబీ ర్యామ్, విండోస్ 7. అప్పట్లో పెళ్లి వీడియోలన్నీ మినీ డీవీ టేపుల మీద తీసేవాళ్లం. గంట టేపును కంప్యూటరులోకి ఎక్కించడానికి సరిగ్గా గంట పట్టేది, ఆ గంటకు సుమారు 13 జీబీ జాగా కావలసి వచ్చేది. అందుకే టేపు కెమెరా నుంచి వీడియోను కంప్యూటరులోకి పంపే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న మదర్‌బోర్డును, అంటే కంప్యూటరు లోపలి ప్రధాన బోర్డును, ఏరికోరి తెప్పించుకున్నాను. ఈ ఫైర్‌వైర్ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే తర్వాత నా రీడరు కాలిపోయిన కథంతా దాని చుట్టూనే తిరిగింది. టేపుల కాలం పోయి కార్డుల కాలం వచ్చాక, ఈ యంత్రానికి కార్డు పెట్టుకునే చోటు లేకపోవడం తప్ప మరే లోటూ కనబడలేదు. ఆల్బమ్ డిజైన్ చేయడానికి, పాస్‌పోర్టు ఫొటోలు కోయడానికి, ల్యాబుకు పంపే ఫైళ్లు సిద్ధం చేయడానికి అది ఈనాటికీ సరిపోతుంది.

చాలాకాలం బయట వేలాడే రీడరుతో నెట్టుకొచ్చాను. వెనక పోర్టులోకి పెట్టిన జానెడు తీగ, దాని చివర అగ్గిపెట్టెంత రీడరు, అది బల్ల మీద ఎటు జరిగితే అటు. కిందటి మాఘమాసంలో, ఒకే వారంలో నాలుగు పెళ్లి ఆర్డర్లు ఉన్నప్పుడు, మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి ఒక పెళ్లి కార్డును ఖాళీ చేస్తూ, కాపీ చేయవలసిన చోట కట్ చేసి పేస్ట్ ఇచ్చాడు. కట్ చేసినప్పుడు కంప్యూటరు ఒక్కో ఫైలును ఇటు రాసుకుంటూ అటు కార్డు మీద నుంచి తుడిచేస్తూ పోతుంది, అంటే ఆ సమయమంతా ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే కార్డు లోపలి పట్టికను మార్చి రాస్తూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరి మోచెయ్యో తగిలి రీడరు కిందపడింది, తీగ ఊడింది. మళ్లీ పెట్టి చూస్తే, ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని తెర మీద అడిగింది. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేసి కార్డును కొత్తగా సిద్ధం చేయడం. అబ్బాయి వేలు మౌస్ మీదనే ఉంది. వద్దని అరిచి ఆపాను. రికవరీ సాఫ్ట్‌వేరుతో ఆ రాత్రంతా కూర్చుని చాలావరకు వెనక్కి తెచ్చుకున్నాం గానీ, అప్పగింతల ఫొటోలు మాత్రం సగం బూడిదరంగు పట్టీలతోనే వచ్చాయి. తర్వాత పెళ్లికూతురి తండ్రికి ఆ మాట చెప్పడానికి నేను పడిన ఇబ్బంది ఇక్కడ రాయలేను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇక తీగకు వేలాడే రీడరు వద్దని ఆ రోజే అనుకున్నాను. క్యాబినెట్ లోపలే బిగించే రీడర్లు ఉంటాయని, అవి మూడున్నర అంగుళాల ఫ్లాపీ అరలో సరిగ్గా కూర్చుంటాయని, కొన్ని వందల రూపాయలకే వస్తాయని నాకు తెలుసు. మా ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లి తెచ్చుకున్నాను. బిగించడానికి మాత్రం ఒక దుకాణానికి ఇచ్చాను. సాయంత్రం వెళ్లేసరికి రీడరు దగ్గర కాలిన వాసన. దుకాణం వారు చెప్పిన మాట: "అన్నా, ఇది పాత మిషను, కొత్త సామాన్లను తట్టుకోలేదు. ముప్పై వేలు పెడితే మంచి కొత్త సిస్టం ఇస్తాం." నేను ఆ మాట నమ్మి, డబ్బు సర్దుకోవడానికి రెండు రోజులు గడువు కూడా అడిగాను. ఇంటికి వచ్చి మూత విప్పి, అటక మీద దాచిన మదర్‌బోర్డు పుస్తకం పక్కన పెట్టుకుని చూసిన తర్వాత గానీ అసలు సంగతి బోధపడలేదు. యంత్రం పాతది కావడం వల్ల కాలలేదు. తీగను పెట్టకూడని చోట పెట్టడం వల్ల కాలింది.

లోపలి కార్డ్ రీడరు నుంచి వచ్చే తీగ చివర ఒక చిన్న నల్లని ప్లగ్గు ఉంటుంది. మదర్‌బోర్డు మీద అది కూర్చోవలసిన యూఎస్‌బీ 2.0 హెడరులో (ప్లగ్గు గుచ్చుకునే పిన్నుల గుంపును హెడరు అంటారు) వరుసకు ఐదు చొప్పున రెండు వరుసల్లో పది పిన్నులకు చోటుంటుంది గానీ, ఒక మూలన పిన్ను ఉండదు, తొమ్మిదే ఉంటాయి. ప్లగ్గులో కూడా ఆ మూల రంధ్రం మూసి ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడానికి వీలుండదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ముందు భాగంలో హెడ్‌ఫోన్ పెట్టుకునే ఆడియో హెడరు కూడా తొమ్మిది పిన్నులదే. దానిలో లేని పిన్ను మూలన కాకుండా దాని పక్క చోట ఉంటుంది. అందువల్ల సరైన ప్లగ్గు అక్కడ దూరదు, రంధ్రాలన్నీ తెరిచి ఉన్న చవక ప్లగ్గు మాత్రం దూరుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఫైర్‌వైర్ హెడరు. దానికీ తొమ్మిది పిన్నులే, లేని పిన్ను కూడా సరిగ్గా అదే మూలన ఉంటుంది. యూఎస్‌బీ ప్లగ్గు అందులోకి ఏ అడ్డూ లేకుండా మెత్తగా దిగిపోతుంది. యూఎస్‌బీలో నడిచేది 5 వోల్టుల కరెంటు. యూఎస్‌బీకి గ్రౌండు తీగ ఉండే ఆ రెండు పిన్నుల చోటనే ఫైర్‌వైర్ హెడరులో 12 వోల్టులు ఉంటాయి. ఈ రెండిటినీ ఒకదానిలో ఒకటి పెడితే మదర్‌బోర్డే పాడవుతుందని బోర్డు పుస్తకాల్లో స్పష్టంగా హెచ్చరిక ముద్రిస్తారు. నా అదృష్టం కొద్దీ రీడరు, దానితో పాటు బోర్డు మీది ఫైర్‌వైర్ పోర్టు మాత్రమే పోయాయి. మిగతాదంతా బతికి బట్టకట్టింది.

రెండు హెడర్లూ మా బోర్డు మీద అడుగు అంచున, బొటనవేలి వెడల్పు దూరంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని పక్కన యూఎస్‌బీ అని, రెండవదాని పక్కన 1394 అని ఆవగింజంత తెల్లని అక్షరాలు. ఫైర్‌వైర్‌కు ప్రమాణ సంఖ్య 1394 అని తెలిసినవారికి అది చాలు; తెలియని కుర్రవాడికి ఆ అంకె ఏమీ చెప్పదు. కొన్ని బోర్డుల మీద రంగులు వేరుగా ఉంటాయి, కానీ ఏ రంగు దేనికన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి రంగును నమ్ముకోకూడదు. మా జిల్లాలో 2010కి ముందు వీడియో పని చేసిన స్టూడియోల పాత యంత్రాల్లో ఇలాంటి బోర్డులు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే తోటి ఫొటోగ్రాఫర్లకు ఈ ఒక్క విషయం మరీ మరీ చెబుతున్నాను: బోర్డు పుస్తకం లేకుండా ఆ తొమ్మిది పిన్నుల జోలికి వెళ్లకండి. పుస్తకం పోయిందని బెంగపడనక్కర లేదు; బోర్డు మీద ముద్రించిన మోడలు సంఖ్యతో వెతికితే పేరున్న కంపెనీల పుస్తకాలు చాలావరకు వాటి వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి.

రెండవసారి నేనే బిగించుకున్నాను. కరెంటు తీగ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటును పోగొట్టి, పని మొదలుపెట్టే ముందు చేతితో క్యాబినెట్ రేకును తాకి, అప్పుడు మూత తీశాను. ఎండాకాలం పొడి గాలిలో, సింథటిక్ బట్టల మీద పుట్టే స్థిరవిద్యుత్తు చేతి నుంచి బోర్డుకు దూకకుండా ఉండడానికి ఆ తాకడం అవసరం. పదిహేనేళ్ల దుమ్ము మెత్తని కుంచెతో దులిపాను. రీడరును ముందు నుంచి అరలోకి తోసి, పక్కల రెండేసి మరలు బిగించి, ప్లగ్గును పుస్తకంలో చూపిన యూఎస్‌బీ హెడరులో పెట్టాను. అసలు పనికి పావుగంట కూడా పట్టలేదు. ఫ్లాపీ అర లేని క్యాబినెట్ అయితే సీడీ డ్రైవు పట్టే పెద్ద అరలో చిన్నదాన్ని బిగించే రేకు చట్రం దొరుకుతుంది. అదేమంత ఖర్చు కాదు.

ఆన్ చేశాక ఒక చిన్న చిక్కు వచ్చింది, చాలామందిని అది కంగారు పెడుతుంది కాబట్టి చెబుతున్నాను. రీడరుకు నాలుగు రకాల కార్డుల నాలుగు గుంటలు ఉంటే, వాటిలో కార్డు లేకపోయినా విండోస్ 7లో అవి నాలుగు డ్రైవులుగా, డ్రైవులకు పేర్లుగా వాడే ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగింటిని ఆక్రమించవచ్చు. మా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కుకు ఉన్న అక్షరం అలా మారిపోయి, సగం పూర్తయిన పెళ్లి వీడియో తెరిచేసరికి క్లిప్పులన్నీ మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రగా చూపించాయి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వాటి చిరునామా మాత్రమే మారింది. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి రీడరు గుంటలకు చివరి అక్షరాలు, హార్డ్‌డిస్కుకు దాని పాత అక్షరం ఇస్తే అన్నీ తిరిగి వచ్చాయి. కార్డు గుంటలో ఉండగా కంప్యూటరు ఆన్ చేస్తే కొన్ని పాత యంత్రాలు ఆ కార్డు నుంచే మొదలవ్వాలని చూసి నల్లని తెరతో ఆగిపోతాయి. కార్డు తీసి మళ్లీ ఆన్ చేస్తే చాలు, లేదా కంప్యూటరు మొదలయ్యే తీరును నిర్ణయించే బయోస్ అమరికల్లో హార్డ్‌డిస్కును ముందు వరుసలో పెట్టుకోవాలి. ఈ రెండూ యంత్రం చెడిపోయిన గుర్తులు కావు.

కార్డుల సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. మామూలు ఎస్‌డీ కార్డు 2 జీబీ వరకే. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకు. 2009లో ప్రకటించిన ఎస్‌డీఎక్స్‌సీ ఆపై 2 టీబీ వరకు. చూడడానికి మూడూ ఒకే ఆకారం, ఒకే గుంటలో దూరుతాయి. కానీ మొదటి తరం రీడరు రెండవ తరం కార్డును చదవలేదు. కాబట్టి పాత యంత్రాల నుంచి ఊడదీసిన రీడరును చవకగా ఇస్తామంటే దాని మీద ఎస్‌డీఎక్స్‌సీ గుర్తు ఉందో లేదో చూడకుండా తీసుకోవద్దు. 64 జీబీ కార్డుల్లో ఫైళ్లను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో అమరుస్తారు. విండోస్ 7కు అది తెలుసు, ఎక్స్‌పీకి మాత్రం విడిగా ఒక అప్‌డేట్ వేస్తేనే తెలుస్తుంది. తెలియనప్పుడు ఎక్స్‌పీ చేసేది మళ్లీ అదే, ఫార్మాట్ చేయమంటారా అని అడగడం. ఆ ప్రశ్నకు ఎప్పుడూ సరే అనకూడదు. కార్డులో ఫొటోలు భద్రంగా ఉండి, కంప్యూటరుకు మాత్రమే చదవడం రానప్పుడు కూడా అది అదే ప్రశ్న అడుగుతుందని మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. పెద్ద కెమెరాల కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు వాడేవారు మరింత నిదానంగా ఉండాలి. ఆ గుంటలో వెంట్రుకలంత సన్నని 50 పిన్నులు ఉంటాయి, కార్డును ఏటవాలుగా తోస్తే ఒక పిన్ను వంగుతుంది, దానితో ఆ గుంట పనికిరాకుండా పోవచ్చు.

వేగం గురించి దుకాణాల వారు చెప్పేది కొంతవరకు నిజమే, దాన్ని నేను కాదనను. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు. వాడకంలో నాకు సెకనుకు 30 మెగాబైట్ల దాకా వస్తుంది. నిండా ఉన్న 32 జీబీ కార్డు ఖాళీ కావడానికి ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. రాత్రి పెళ్లి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తినేలోపు అయిపోయే పని అది. అంతకంటే వేగం కావాలంటే బోర్డు మీది చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో యూఎస్‌బీ 3.0 కార్డు పెట్టుకుని, 19 పిన్నుల పెద్ద ప్లగ్గు ఉన్న రీడరు తగిలించుకోవచ్చు. 4కే వీడియో తీసేవారికి కొత్త యంత్రమే మేలు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఫొటోలు దించుకోవడానికి, ఆల్బములు చేయడానికి ముప్పై వేల అప్పు ఎందుకని అడుగుతున్నాను. వడ్డీకి తెచ్చి కొత్త సిస్టం కొన్న మండల కేంద్రాల స్టూడియో వాళ్లు నాకు తెలుసు. వారిలో ఒక్కరికైనా ముందుగా ఈ మాట ఎవరూ చెప్పలేదు.

ఇక భద్రత. విండోస్ 7కు 2020 జనవరి 14 నుంచే సహకారం లేదు. కాబట్టి నా పాత యంత్రానికి ఇంటర్నెట్ తీగ పీకేశాను. బ్యాంకు పనులు, ఈ-మెయిళ్లు దాని మీద చేయను. కార్డులు ఖాళీ చేయడం, డిజైన్ చేయడం, హార్డ్‌డిస్కులో భద్రపరచడం, ఇంతే దాని పని. ఊరందరి పెన్‌డ్రైవులను దానికి తగిలించను.

రీడరు బిగించాక నేను అనుకోని ఒక పని కూడా దానితో జరిగింది. కనగల్ వైపు నుంచి ఒక ఒగ్గు కళాకారుడు పాత కీప్యాడ్ ఫోను పట్టుకుని వచ్చారు. ఫోను చార్జింగు పిన్ను విరిగి ఎన్నాళ్లయిందో. అందులోని గోరంత కార్డులో, ఇప్పుడు లేని తన గురువు చెప్పిన మల్లన్న కథ రికార్డయి ఉందట. రెండు చోట్ల అడిగితే, కొత్త ల్యాప్‌టాప్‌లకు కార్డు గుంటే లేదని తిప్పి పంపారట. కార్డును అడాప్టరులో పెట్టి, దాని పక్కన ఉండే లాక్ పట్టీని కిందికి జరిపి, అంటే పొరపాటున కూడా దాని మీద ఏమీ రాయడానికి వీల్లేకుండా చేసి, పాత డెస్క్‌టాప్ గుంటలోకి తోశాను. గంటకు పైగా ఉన్న కథ. ఆయన స్టూలు మీద కూర్చుని, మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని, గురువుకు వంతపాడినట్టే మోకాలి మీద తాళం వేశారు. రెండు సీడీల మీద, ఒక పెన్‌డ్రైవు మీద ఎక్కించి ఇచ్చాను. ఇలాంటి కార్డులు మన ఊళ్లలో గూళ్లలో, బొట్టుపెట్టెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఫ్లాష్ మెమరీలో దాచిన సమాచారం ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే మెల్లగా చెరిగిపోయే వీలుంది కనుక, వాటిని చదివే యంత్రాలను తూకానికి వేయడం నన్ను నిజంగా కలవరపెడుతోంది.

కాబట్టి కంప్యూటర్ దుకాణాల సోదరులకు నా మనవి: బాగుచేయడానికి ఇచ్చిన యంత్రాన్ని వీలైతే యజమాని ముందే విప్పండి, పుస్తకం చూసి తీగ పెట్టండి, పొరపాటు జరిగితే జరిగిందని చెప్పండి. యంత్రం వయసు మీద నెట్టకండి. మరమ్మతు సమాచారం వినియోగదారులకు అందాలనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది; 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు తయారీదారుల మీద రీసైక్లింగు బాధ్యత పెట్టాయి. అవి వాటి పని చేయనీయండి, మన ఊరి స్థాయిలో ఒక మరచుట్టు, ఒక పుస్తకం చేయగలిగిన పని కూడా తక్కువ కాదు. మన పాలిటెక్నిక్, ఐటీఐ అధ్యాపకులు పాత బోర్డులను విద్యార్థుల ముందు పెట్టి, ఏ హెడరు ఏదో పిన్నులు లెక్కపెట్టి గుర్తించే అభ్యాసం ఒక్క పూట చేయించినా, నా రీడరు లాగా కాలిపోయేవి తగ్గుతాయి.

మీ జిల్లా పేజీల్లో వారానికి ఒకసారి, పావు కాలమ్ అయినా సరే, ఇలా ఇంటిలోని పాత పరికరాన్ని బాగుచేసుకునే తీరును బొమ్మతో సహా ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మొదటి వారం బొమ్మ కావాలంటే నా దగ్గర సిద్ధంగా ఉంది. మా బోర్డు పుస్తకంలో యూఎస్‌బీ, 1394 హెడర్లు పక్కపక్కన ఉన్న పేజీని జిరాక్సు తీయించి, 1394 మీద ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు గీసి, క్యాబినెట్ మూత లోపలి వైపు అంటించాను. తోటి స్టూడియోల వారు ఎవరు వచ్చి అడిగినా మూత తీసి చూపిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫొటో స్టూడియో నిర్వాహకుడు,
నల్లగొండ.